హిందూపురం – పెనుకొండ – ధర్మవరం ప్రాంతంలో గ్రామీణ అగ్నిమాపక వైర్‌లెస్ వ్యాప్తి: భూస్వరూపం, సాంకేతికత, భాష

వ్యాససంగ్రహం:

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల మధ్య ఉన్న గ్రామాలలో అగ్నిప్రమాదం సంభవించినప్పుడు, మంటలార్పే సిబ్బందికీ వారికి తోడ్పడే స్వచ్ఛంద సేవకులకూ కేంద్రంతో మాట సాగడం ప్రాణావసరం. రెండువైపుల మాట్లాడుకొనే వైర్‌లెస్ సెట్ల ప్రసార వ్యాప్తికి ఈ ప్రాంతపు నేల ఏ విధంగా అడ్డుపడుతుందో, దానిని ఎలా మెరుగుపరచవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది. పంపే శక్తిని పెంచడం కన్న వినే శక్తిని పెంచడమే ఇక్కడ అవసరమని లెక్కల ఆధారంగా చూపుతుంది. తెగిపోయే మాటలో తెలుగు సంఖ్యావాచకాలు, గ్రామనామాలు, నిషేధార్థక క్రియలు ఏ విధంగా దెబ్బతింటాయో పరిశీలించి, అందుకు తగిన సంభాషణ పద్ధతిని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అగ్నిమాపక సేవ, స్వచ్ఛంద సేవకులు, వైర్‌లెస్, రిపీటరు, ప్రసార వ్యాప్తి, పెనుకొండ, గ్రామనామాలు, సంఖ్యావాచకాలు.

1. ప్రవేశిక:

2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సు బండిని హంపీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. ఒక బోగీ మంటల్లో చిక్కుకున్నది. పాతిక మంది వరకు మరణించారు. 2013 డిసెంబర్ 28న, అదీ తెల్లవారకముందే, బెంగళూరు నుంచి నాందేడ్ వెళ్తున్న ఎక్స్‌ప్రెస్‌లోని ఏసీ బోగీ కొత్తచెరువు సమీపంలో కాలిపోయి 26 మంది ప్రాణాలు కోల్పోయారు. 2021 నవంబర్ 19న చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు రక్షించింది. పదేళ్ళలోపు జరిగిన ఈ మూడు సంఘటనల చోట్లూ ఒక జిల్లాలోనే, ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. వాటిలో వైర్‌లెస్ లోపం ఉన్నదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రైల్వే, పోలీసు, అగ్నిమాపక, వైద్య సిబ్బంది, వారికన్న ముందే చేరుకొన్న చుట్టుపక్కల రైతులు చీకటిలో ఒకేచోట పనిచేయవలసిన సందర్భాలు ఈ ప్రాంతానికి కొత్త కావని గుర్తుచేయడానికే వాటి ప్రస్తావన.

పెద్ద ప్రమాదాల సంగతి అటుంచినా, ఎండాకాలంలో గడ్డివాములు, శనక్కాయ కట్టె వాములు, పట్టుపురుగుల షెడ్లు, గుట్టల మీది బోద తగలబడటం ఇక్కడ మామూలు విషయం. ధర్మవరంలో మగ్గమున్న ఇల్లే కార్ఖానా. పట్టు, జరీ, చెక్క అన్నీ ఒకే గదిలో ఉంటాయి. అందరి చేతిలోనూ సెల్‌ఫోను ఉండగా వైర్‌లెస్ ఎందుకన్న ప్రశ్న సహజం. ఫోను ఇద్దరి మధ్య మాట. వైర్‌లెస్‌లో ఒకరు పలికినది పదిమంది ఒకేసారి వింటారు. రెండవ ఫైరింజను డ్రైవరు ఎవరూ పిలవకుండానే పరిస్థితిని అర్థం చేసుకొంటాడు. పైగా విపత్తు పెద్దదైనకొద్దీ సెల్ టవరు మీద రద్దీ పెరుగుతుంది, కరెంటు పోతే దాని బ్యాటరీ కొన్ని గంటలే నిలుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నం ఈ అనుభవాన్ని చవిచూసింది.

2. గ్రామీణ అగ్నిమాపనం ఎవరి బాధ్యత?

అమెరికాలో అగ్నిమాపకులలో దాదాపు మూడింట రెండువంతుల మంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. జర్మనీలోనూ ఊరూరా స్వచ్ఛంద దళాలున్నాయి. అక్కడి గ్రామీణ దళాల వైర్‌లెస్ సమస్యల గురించి విస్తారమైన చర్చ జరిగింది. ముఖ్యంగా 2013 జనవరి 1 నాటికి అమెరికాలో 25 కిలోహెర్ట్జ్ వెడల్పు చానళ్ళను 12.5 కిలోహెర్ట్జ్‌కు కుదించవలసి వచ్చినప్పుడు, అప్పటివరకు అంచుల్లో ఎలాగో పనిచేస్తున్న వ్యవస్థల బలహీనతలు బయటపడ్డాయి.

మన రాష్ట్రంలో అటువంటి వ్యవస్థ లేదు. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవా చట్టం, 1999 ప్రకారం ఇది రాష్ట్ర ప్రభుత్వ సేవ. ఇక్కడ రాజ్యాంగంలోని ఒక చిత్రమైన ఖాళీని గమనించాలి. 74వ సవరణ ద్వారా చేరిన 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన విధుల జాబితాలో ‘అగ్నిమాపక సేవలు’ ఏడవ అంశం. 73వ సవరణ ద్వారా చేరిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలున్నా, వాటిలో అగ్నిమాపనం లేదు. ఊరిలో మంట పుడితే పంచాయతీకి విధిగా అప్పగించిన పని ఏదీ లేదన్నమాట. ఆచరణలో మాత్రం ఫైరింజను వచ్చేదాకా మంటతో పోరాడేది ఊరివారే. బోరు మోటారు వేసేది, ట్రాక్టరు ట్యాంకరు తోలేది, వాములను వేరుచేసేది వారే. హోంగార్డులు, పరిశ్రమల సొంత భద్రతా సిబ్బంది, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ప్రారంభించిన ‘ఆపదమిత్ర’ పథకం వంటి వాటిలో శిక్షణ పొందినవారు ఈ వరుసలో తరువాతివారు. ఈ వ్యాసంలో ‘స్వచ్ఛంద సేవకులు’ అంటే వీరందరూ. వీరిని వైర్‌లెస్ వలయంలోకి తీసుకొని రావడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. అందుకు ముందుగా ఆ వలయం ఎంతవరకు విస్తరించగలదో తెలియాలి.

3. నేల తీరు:

పటంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దాదాపు ఒకే గీత మీద, నైరుతి నుంచి ఈశాన్యానికి పడి ఉంటాయి. ఆకాశమార్గంలో హిందూపురం నుంచి పెనుకొండ సుమారు 30 కిలోమీటర్లు, పెనుకొండ నుంచి ధర్మవరం సుమారు 40 కిలోమీటర్లు. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన, మైసూరు పీఠభూమి అంచున ఉన్నది. ధర్మవరం సుమారు 350 మీటర్ల ఎత్తులో చిత్రావతి ఒడ్డున ఉన్నది. ఈ దిగుడు నునుపైన వాలు కాదు. మధ్యలో బండరాతి గుట్టలు, వాటి నడుమ చెరువుల పల్లాలు, ఆ పల్లాలలోనే ఊళ్ళు. నీరున్నచోట ఊరు వెలసింది. రేడియో తరంగానికి ఆ చోటే నీడ.

తరంగాల పౌనఃపున్యం పెరిగినకొద్దీ అవి వెలుతురులాగా సూటిగా పోతాయి. అగ్నిమాపక, పోలీసు అవసరాలకు వాడుకలో ఉన్న 150 మెగాహెర్ట్జ్ ప్రాంతపు వి.హెచ్.ఎఫ్. తరంగాలు కొండ అంచు దగ్గర కొంత వంగి అవతలి పల్లంలోకి దిగగలవు. 450 మెగాహెర్ట్జ్ ప్రాంతపు యు.హెచ్.ఎఫ్. తరంగాలు అంతగా వంగలేవు. ఎదురుగా ఏ అడ్డూ లేకపోయినా భూమి వంపు ఒక హద్దు విధిస్తుంది. రెండు యాంటెన్నాల ఎత్తులను మీటర్లలో తీసుకొని, వాటి వర్గమూలాలను కూడి, 4.12తో గుణిస్తే ఆ హద్దు కిలోమీటర్లలో వస్తుంది. కేంద్రంలో 15 మీటర్ల స్తంభం, పొలంలో ఛాతీ ఎత్తున, అంటే 1.5 మీటర్ల దగ్గర చేతిసెట్టు ఉంటే హద్దు 21 కిలోమీటర్లు. ఏ గుట్టా లేని నున్నని నేల మీద కూడా హిందూపురం కేంద్రం స్తంభానికి పెనుకొండ దగ్గరి చేతిసెట్టు అందదు. అదే యాంటెన్నాను చుట్టుపక్కల నేలకన్న 300 మీటర్లు ఎత్తైన శిఖరం మీద నిలిపితే హద్దు 76 కిలోమీటర్లకు పెరుగుతుంది.

1565 తరువాత విజయనగర రాజులు పెనుకొండను రాజధానిగా చేసుకొన్నది కోట భద్రత కోసం. ఎత్తు నుంచి దూరం కనబడటం ఆ భద్రతలో భాగం. ఆ ఎత్తు, గీతకు నడుమనున్న స్థానం, రెండూ నేటి రేడియో ఇంజనీరును కూడా అక్కడికే నడిపిస్తాయి.

4. పిలుపు వినబడుతుంది, మారుపలుకు వినబడదు:

వ్యాప్తి సమస్య అనగానే ‘సెట్టుకు పవరు చాలదు’ అన్న మాట వినిపిస్తుంది. ఎక్కువ వాట్ల సెట్లు కొనాలన్న ప్రతిపాదన వెంటనే వస్తుంది. ఇది ఎందుకు సరికాదో ఒక లెక్క చూపుతుంది. ఇందులోని విలువలు సాధారణ పరికరాలకు వర్తించేవి. క్షేత్రంలో కొలిచినవి కావు.

శిఖరం మీది కేంద్రం 25 వాట్లతో, చేతిసెట్టు 5 వాట్లతో ప్రసారం చేస్తాయనుకొందాం. లెక్క సులువుకోసం శక్తిని డెసిబెల్లలో చెప్పుకోవడం ఆనవాయితీ: 10 డెసిబెల్లు అంటే పదింతలు, 20 అంటే నూరింతలు. ఒక మిల్లీవాటును సున్నాగా తీసుకొంటే 25 వాట్లు 44, 5 వాట్లు 37 అవుతాయి. 40 కిలోమీటర్ల దూరంలో 150 మెగాహెర్ట్జ్ తరంగం శూన్యంలో కూడా 108 డెసిబెల్లు క్షీణిస్తుంది. చేతిసెట్టు యాంటెన్నా పొట్టిది. అది నడుముకు తగిలించి ఉంటే శరీరం అడ్డుపడి మరో 15 పోతాయనుకోవచ్చు. కేంద్రం యాంటెన్నా 6 కూడుస్తుంది, కేబులు 3 తీసేస్తుంది. మంచి గ్రాహకం మైనస్ 119 వరకు వినగలదు. అంటే 0.25 మైక్రోవోల్టు.

ఇప్పుడు రెండు దిక్కుల లెక్క చూద్దాం. కేంద్రం పిలుపు చేతిసెట్టుకు మైనస్ 76 దగ్గర చేరుతుంది. వినికిడి హద్దుకు 43 డెసిబెల్ల మిగులు. చేతిసెట్టు మారుపలుకు కేంద్రానికి మైనస్ 83 దగ్గర చేరుతుంది, మిగులు 36. మధ్యలో ఒక గుట్ట చూపురేఖకు నూరు మీటర్లు పైకి లేచి, చేతిసెట్టుకు 4 కిలోమీటర్ల దూరంలో అడ్డుగా ఉంటే, దాని అంచు మీదుగా వంగడంలో సుమారు 18 డెసిబెల్లు పోతాయి. చెట్లు, మిద్దెలకు 10, తరంగబలంలో హెచ్చుతగ్గులకు 10 వదిలితే మొత్తం 38. అప్పుడు పిలుపుకు 5 డెసిబెల్లు మిగులుతాయి. మారుపలుకుకు 2 తక్కువవుతాయి.

ఈ 5కూ మైనస్ 2కూ నడుమ ఉన్నదే ప్రమాదం. పొలంలో ఉన్న మనిషికి కేంద్రం మాట స్పష్టంగా వినబడుతుంది. కనుక తన సెట్టు పనిచేస్తున్నదని, తన మాట కూడా చేరుతున్నదని అతడు నమ్ముతాడు. ‘నీళ్ళు అయిపోయాయి’ అన్న అతని మాట ఎవరికీ చేరదు. రెండువైపులా నిశ్శబ్దంగా ఉంటే మనిషి జాగ్రత్తపడి మిట్టకెక్కుతాడు, ఫోను ప్రయత్నిస్తాడు, మనిషిని పంపుతాడు. ఒకవైపు మాత్రమే పనిచేసే మార్గం అతణ్ణి మోసగిస్తుంది. కేంద్రం శక్తిని 25 నుంచి 50 వాట్లకు పెంచితే పిలుపుకు 3 డెసిబెల్లు కూడుతాయి, మారుపలుకుకు ఏమీ కూడదు. మోసం జరిగే వలయం ఇంకా వెడల్పవుతుంది. గుట్ట తీసుకొన్న 18 డెసిబెల్లను చేతిసెట్టు శక్తితోనే రాబట్టాలంటే 5 వాట్ల బదులు 300కు పైగా వాట్లు కావాలి. అటువంటి చేతిసెట్టు ఉండదు.

అదే గుట్టకు 450 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం 22 డెసిబెల్లు దాటుతుంది. ఖాళీ ప్రదేశంలోని క్షీణత కూడా 9.5 పెరుగుతుంది. పట్టణంలో కిటికీలగుండా భవనాలలోకి దూరడానికి యు.హెచ్.ఎఫ్. మేలు. రొద్దం, రామగిరి వంటి గుట్టల సీమకు వి.హెచ్.ఎఫ్. తగినదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

5. వినే చెవులను పెంచడం:

పరిష్కారాలలో మొదటిది రిపీటరు. చేతిసెట్టు మాటను ఒక పౌనఃపున్యంలో విని, అదే క్షణంలో మరొక పౌనఃపున్యంలో తిరిగి పలికే యంత్రం అది. పెనుకొండ వంటి నడిమి శిఖరం మీద ఒక రిపీటరు మూడు పట్టణాలనూ కలపగలదు. అయితే ‘దీపం కింద చీకటి’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఎక్కువ గెయిన్ ఉన్న యాంటెన్నా తన శక్తిని క్షితిజం వైపు పలుచని పళ్ళెంలాగా పరుస్తుంది. 300 మీటర్ల కొండకు కిలోమీటరు దూరంలోని వీధి, యాంటెన్నాకు దాదాపు 17 డిగ్రీల కిందికి ఉంటుంది. 40 కిలోమీటర్ల అవతల వినబడుతూ కొండ పాదంలోని పేటలో వినబడకపోవడానికి కారణం ఇదే. కిందికి వంచిన యాంటెన్నాయో, ఊరిలో మరొక చిన్న గ్రాహకమో దీనికి మందు.

ఆ రెండవ మాటే అసలు ఉపాయం. పలికే యంత్రాన్ని ఒకచోట, వినే యంత్రాలను పలుచోట్ల పెట్టవచ్చు. గ్రాహకానికి పెద్ద స్తంభం, పెద్ద బ్యాటరీ అవసరం లేదు. ఒక ఉన్నత పాఠశాల మిద్దె, ఓవర్‌హెడ్ నీళ్ళట్యాంకు చాలు. ఇటువంటి నాలుగైదు గ్రాహకాలు విన్న మాటను కేంద్రానికి పంపితే, అక్కడి పరికరం వాటిలో స్పష్టమైనదాన్ని క్షణక్షణం ఎంచుకొంటుంది. పై లెక్కలో గుట్టకు ఇవతల పల్లంలోనే ఒక గ్రాహకం ఉంటే 18 డెసిబెల్ల నష్టం తొలగి, మైనస్ 2 కాస్తా ప్లస్ 16 అవుతుంది; దూరం తగ్గినందువల్ల కలిసివచ్చేది అదనం. కేంద్రం వాట్లు ఎన్ని పెంచినా రాని ఫలితం ఇది.

డబ్బు లేనిచోట మూడవ మార్గం ఫైరింజనే. బండిసెట్టు 25 వాట్లది, యాంటెన్నా కప్పు మీద ఉంటుంది, శరీరం అడ్డులేదు. చేతిసెట్టు కన్న అది 22 డెసిబెల్లు మెరుగు; అంటే సుమారు నూటయాభై ఇంతలు. మంట దగ్గరివారు బండితో తక్కువ దూరపు చానల్‌లో మాట్లాడుకోవడం, బండి కేంద్రంతో మాట్లాడటం సరైన పద్ధతి. ఈ రెండింటిని కలిపే యంత్రం బండిలో ఉంటే మంచిదే. లేకపోతే బండి దగ్గర ఒక మనిషిని వినడానికే నియమించాలి. పంపు దగ్గర మనిషి తక్కువై అతణ్ణి గొట్టం పట్టడానికి పంపితే ఈ పద్ధతి అక్కడితో కూలిపోతుంది. స్వచ్ఛంద సేవకులకు అప్పగించదగిన మొదటి పని ఈ వినేపనేనని తోస్తున్నది. దానికి మంటలోకి పోనక్కరలేదు, ఊరి దారులు తెలిసినవాడు అందుకు మరింత తగినవాడు.

శిఖరం మీది రిపీటరుకు కరెంటు మరొక సమస్య. ఊరకున్నప్పుడు 1 ఆంపియరు, పలుకుతున్నప్పుడు 8 ఆంపియర్లు తీసుకొంటూ, పదింట ఒక వంతు సమయం పలికే యంత్రానికి 12 వోల్టుల దగ్గర రోజుకు సుమారు 41 ఆంపియర్-గంటలు కావాలి. మూడురోజులు మబ్బుపట్టినా నడవాలంటే, బ్యాటరీని సగానికి మించి వాడకూడదంటే, 245 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉండాలి. సోలారు పలకకు ఈ సీమలో ఎండ కొరత లేదు. పిడుగుకు భూసంధానం, తీగలకు ఇనుప గొట్టం తప్పనిసరి. కొండ మీద తీగకు పిడుగెంత శత్రువో కోతీ అంతే. ప్రాచీన కట్టడాలున్న కొండల మీద ఇంకొక నియమం వర్తిస్తుంది. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్ల వరకు అనుమతికి లోబడినది. 1958 నాటి చట్టానికి 2010లో జరిగిన సవరణ ఇది. స్తంభం చోటు ఎంచుకొనేముందే ఈ హద్దులు గీసుకోవాలి.

6. తెగిన మాటలో తెలుగు:

సాంకేతిక గ్రంథాలు తాకని అంశం ఒకటి ఇక్కడ విస్తరించి చెప్పవలసి ఉన్నది. వైర్‌లెస్‌లో మీట నొక్కిన వెంటనే మాట బయలుదేరదు. సెట్టు ప్రసారం మొదలుపెట్టాలి, రిపీటరు మేలుకోవాలి, అవతలి సెట్టు తలుపు తెరవాలి. ఈ లోపల పావు సెకను నుంచి అర సెకను గడుస్తుంది. కంగారులో ఉన్న మనిషి మీట నొక్కుతూనే మాట్లాడతాడు. సెకనుకు ఐదారు అక్షరాలు పలికే సాధారణ వేగంలో, మొదటి ఒకటి నుంచి మూడు అక్షరాలు గాలిలో కలిసిపోతాయి. చివర కూడా మాట పూర్తికాకముందే మీట వదిలితే చివరి అక్షరం తెగుతుంది. అంచున ఉన్న వ్యాప్తిలో ఇవి రెండూ మరింత పెరుగుతాయి.

తెలుగు సంఖ్యావాచకాలలో భేదకమైన అంశం తరచుగా మొదట ఉంటుంది. ‘ఇరవై’, ‘అరవై’లలో మొదటి అక్షరం తెగితే మిగిలేది ‘రవై’ మాత్రమే. ‘మూడు’, ‘ఏడు’ రెండూ ‘డు’ అవుతాయి. ‘ఎనభై’, ‘తొంభై’ ‘భై’లో కలుస్తాయి. ‘పదిహేను’, ‘పదిహేడు’లకు మొదలు తెగినా నష్టం లేదు, అక్కడ భేదం చివరి అక్షరంలో ఉన్నది, అది మీట తొందరగా వదలడంవల్ల పోతుంది. హిందూపురం, మడకశిర వైపు తెలుగు, కన్నడం కలగలిసి వినిపిస్తాయి. కన్నడంలో రెండుకు ‘ఎరడు’. గరగరలాడే చానల్‌లో అది తెలుగు ‘ఏడు’గా చెవినబడే అవకాశం ఉన్నది. అందువల్ల ప్రతి సంఖ్యను రెండు విధాల చెప్పడం మేలు: ‘అరవై, సిక్స్ జీరో’ అని. ఫోను నంబర్లను ఇంగ్లీషు అంకెలలో చెప్పే అలవాటు పల్లెల్లోనూ ఉన్నది కాబట్టి ఇది కొత్తగా నేర్పవలసిన పద్ధతి కాదు.

గ్రామనామాల సంగతి ఇంకా తీవ్రం. తెలుగు ఊరిపేరులో విశేషాంశం ముందు, జాతివాచకం వెనుక ఉంటుంది. కనగానపల్లి, బత్తలపల్లి, సోమందేపల్లి, చెన్నేకొత్తపల్లి ఈ జిల్లాలో నాలుగు మండల కేంద్రాలు. మొదలు తెగితే అన్నీ ‘పల్లి’. ‘చెన్నేకొత్తపల్లి’లో మొదటి రెండు అక్షరాలు పోతే ‘కొత్తపల్లి’ మిగులుతుంది. ఇది మరింత ప్రమాదకరం, ఎందుకంటే ‘పల్లి’ అన్న తునక విన్నవాడు మళ్ళీ అడుగుతాడు. ‘కొత్తపల్లి’ అన్నది నిండు పేరుగా వినబడుతుంది కనుక అడగడు. ‘కొత్తచెరువు’ మొదలు తెగి ‘చెరువు’ అయితే నీళ్ళ గురించి చెబుతున్నారనుకోవచ్చు. కాబట్టి పిలిచే వాక్యం ఊరిపేరుతో మొదలుకాకూడదు. మీట నొక్కి ఒక క్షణం ఆగి, ‘కేంద్రం, కేంద్రం’ అని సంబోధించి, తరువాత మండలం, ఆపైన ఊరు, చివరగా గుడి, చెరువుకట్ట వంటి గుర్తు చెప్పాలి. సంబోధనలో ఒకటి తెగినా ఇబ్బంది లేదు.

అన్నిటికన్న ప్రాణాంతకమైనది నిషేధార్థకం. తెలుగులో వ్యతిరేకత క్రియకు చివర చేరుతుంది. ‘వెళ్ళండి’, ‘వెళ్ళకండి’ల మధ్య ఒకే ఒక అక్షరం తేడా. ‘లోపలికి వెళ్ళొద్దు’ అన్న ఆజ్ఞలో చివర తెగితే ‘లోపలికి వెళ్ళ...’ అని వినిపించి, వినేవాడు తన ఊహతో పూరించుకొంటాడు. కూలబోతున్న మిద్దె ముందు నిలబడినవాడి ఊహ ఎటు పోతుందో చెప్పలేము. ఈ కారణంగా వైర్‌లెస్‌లో వ్యతిరేక క్రియలనే వాడకూడదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ‘వెళ్ళకండి’ బదులు ‘ఆగండి, ఆగండి’. ‘లోపల ఉండొద్దు’ బదులు ‘బయటకు రండి, బయటకు’. విన్నవారు ‘సరే’ అనకుండా ఆజ్ఞను తిరిగి పలకాలి: ‘ఆగాము’, ‘బయటకు వస్తున్నాము’. ‘సరే’ అన్నదానికి విన్నానన్న అర్థమే ఉంది. ఏమి విన్నదీ అది చెప్పదు.

7. చట్టం అనుమతించేది:

స్వచ్ఛంద సేవకుల చేతికి సెట్టు ఇవ్వడం డబ్బుతో ముగిసే వ్యవహారం కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దశలవారీగా అమలులోకి వస్తున్నది. వి.హెచ్.ఎఫ్. చానల్ కేటాయింపు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నుంచి రావాలి. లైసెన్సు అక్కరలేని 446.0–446.2 మెగాహెర్ట్జ్ సెట్లు తక్కువ శక్తి కలవి; మంట చుట్టూ కొన్ని వందల మీటర్లలో పనికివస్తాయి, కేంద్రాన్ని చేరవు. ఆన్‌లైన్ అంగళ్ళలో పౌనఃపున్యం చెప్పకుండా అమ్ముతున్న వాకీటాకీలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు జారీచేసింది. చవకగా దొరికిందని కొన్న సెట్టు పోలీసు చానల్ మీద పడితే సాయపడబోయినవాడు నేరస్థుడవుతాడు.

హామ్ రేడియో మరొక ప్రత్యామ్నాయంగా కనిపిస్తుంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఇందుకు పేరుపొందింది. 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం, సునామీ వచ్చిన వెంటనే బయటి ప్రపంచానికి సందేశాలు చేరవేసింది. అయితే ఆ లైసెన్సు స్వయంశిక్షణ, ప్రయోగాల కోసం ఉద్దేశించినది. విపత్తులో ఆదుకొంటుంది కాని, శాఖ నిత్యవ్యవహారానికి బదులు కాదు. కనుక ఆచరణయోగ్యమైన మార్గం శాఖ పేరిట ఉన్న చానల్, శాఖ రిజిస్టరులో నమోదైన సెట్టు, దానిని ఊరిలో శిక్షణ పొందిన వ్యక్తి దగ్గర ఉంచడం.

8. కొలిచే పద్ధతి:

ఏ స్తంభమూ నిలపకముందు ఉన్న వ్యాప్తిని కొలవాలి. కంప్యూటరు గీసిన రంగుల పటం ప్రారంభానికి పనికివస్తుంది. గుట్టల సీమలో దాన్ని తీర్పుగా తీసుకోకూడదు. ప్రాంతాన్ని రెండు కిలోమీటర్ల చదరాలుగా విభజించి, జనావాసమున్న ప్రతి చదరంలో ఊరి పల్లపు చోట నిలబడి పరీక్షించాలి. రోడ్డు మీద బండిసెట్టుతో తిరిగి వ్యాప్తి బాగున్నదని నివేదించడం సులువు, 22 డెసిబెల్ల మేరకు అది తప్పు. సెట్టు నడుముకు ఉన్నప్పుడు, ముఖం దగ్గర ఉన్నప్పుడు, ఇంటిలోపల, విడివిడిగా చూడాలి. పిలుపును, మారుపలుకును వేర్వేరు గడులలో నమోదుచేయాలి. మాట నాణ్యతకు అంతర్జాతీయంగా వాడే ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న కొలమానం చాలు: ఒకటి అంటే అర్థంకానిది, మూడు అంటే కొద్ది శ్రమతో అర్థమయ్యేది, ఐదు అంటే దోషరహితం. పరీక్షకు ‘హలో, వినిపిస్తున్నదా?’ అన్న ప్రశ్న పనికిరాదు, ఆ వాక్యాన్ని ఎవరైనా ఊహించగలరు. ముందుగా చీట్లు రాసుకొని, ఒక ఊరిపేరు, ఒక రెండంకెల సంఖ్య, ఒక ఆజ్ఞ పలికితే, వినేవారు తాము విన్నది రాయాలి. తరువాత రెండు కాగితాలనూ పోల్చాలి. మొదటి అక్షరం ఎన్నిసార్లు పోయిందో, ‘ఇరవై’ ఎన్నిసార్లు ‘అరవై’ అయిందో అందులో తేలుతుంది. తెలుగు ధ్వనిశాస్త్రంలో పనిచేసే పరిశోధకులకు ఈ సామగ్రి తిరిగి ఉపయోగపడుతుంది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కు జంటభవనాలలో అగ్నిమాపకుల కోసం రిపీటరు అమర్చి ఉన్నది. ఉత్తర భవనం కింద అధికారులు దాన్ని పరీక్షించి, పనిచేయడంలేదనుకొని వదిలివేశారు. దానిని వాడటానికి నొక్కవలసిన రెండవ మీట నొక్కలేదని విచారణ సంఘం నివేదిక 2004లో పేర్కొన్నది. దక్షిణ భవనంలో అదే రిపీటరును వాడుకొన్నారు. దీనినిబట్టి, పెనుకొండ వంటి శిఖరం మీద పెట్టబోయే యంత్రానికి ప్రతిరోజూ ఒకే వేళకు మూడు కేంద్రాల నుంచీ, వారానికి ఒకసారి గ్రామాల సెట్ల నుంచీ పరీక్షాపిలుపు ఉండాలి. కేంద్రంలోని పుస్తకంలో పలికినవారి పేరు, వేళ, చోటు, ఇరువైపుల నాణ్యత రాయాలి. వరుసగా రెండు వారాలు పలకని ఊరికి మూడవ వారం మనిషి వెళ్ళి బ్యాటరీ చూడాలి.